జపాను పాటల పేర్లను తొలి అక్షరం వారీగా పేర్చడం: ఏ పాట ఏ గుంపులోకి, ఎందుకు

మీరు అడిగింది ఇదీ: స్ప్రెడ్‌షీట్‌లో నాలుగు వందల దాకా జపాను పాటల పేర్లున్నాయి. కొన్ని కాంజీలో (చైనా నుంచి వచ్చిన భావాక్షరాలు), కొన్ని కనాలో (జపాను ధ్వని అక్షరాలు), కొన్ని ఇంగ్లిషులో. జపాను కరావోకే పుస్తకాల్లో ఉన్నట్టు పేరులోని మొదటి అక్షరాన్ని బట్టి గుంపులు కట్టాలి. సార్ట్ కొడితే మాత్రం పాటలు ఎక్కడెక్కడికో పోతున్నాయి, ఏం చేయాలి?

తప్పు ఎక్కడుందంటే, మీరు రాతను పేరుస్తున్నారు. జపాను వాళ్లు పేర్చేది చదివే తీరును. దాన్ని వాళ్లు 'యోమి' అంటారు. ఒక పాట ఏ గుంపులోకి వెళ్తుందో కాంజీ చూసి చెప్పలేం, ఇంగ్లిషు స్పెల్లింగు చూసి అసలే చెప్పలేం. ఆ పాటను వాళ్లు నోటితో ఏమంటారో తెలిస్తేనే చెప్పగలం. కాబట్టి పేరు కాలమ్ పక్కన యోమి కోసం ఇంకో కాలమ్ పెట్టి, ప్రతి పాటకూ కనాలో చదువు రాసుకోవాలి. మొత్తం పనిలో తొంభై శాతం అదే. మిగతాది యంత్రం చేసుకుంటుంది.

ఒక మాట ముందే చెప్తాను. ఇక్కడ జపాను పేర్లు రాసేటప్పుడు దీర్ఘం పలికే చోటే దీర్ఘం పెడుతున్నాను, లేనిచోట పెట్టడం లేదు. మన పత్రికల్లో రాసే తీరుకు ఇది కాస్త వేరుగా కనిపిస్తుంది. కానీ వరుస కట్టేటప్పుడు ఒక్క దీర్ఘం తేడాతో పాట పది వరుసలు కిందికి జారుతుంది.

ముందు అక్షరాల వరుస. జపాను అకారాది క్రమాన్ని 'గోజూఓన్' అంటారు, అంటే యాభై ధ్వనులని అర్థం. అచ్చులు అ, ఇ, ఉ, ఎ, ఒ. ఆ తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ వరుసలు, ఒక్కో వరుసలో అవే అచ్చుల గుణింతం (య, వ వరుసల్లో మాత్రం కొన్నే). సి, తి, తు, హు చోట వాళ్లు షి, చి, త్సు, ఫు అని పలుకుతారు. ఇది తెలుగువాళ్లకు కొత్తగా అనిపించదు, అనిపించకూడదు కూడా. బౌద్ధ భిక్షువులు సంస్కృత మంత్రాల కోసం సిద్ధం లిపి నేర్చుకున్నారు, ఆ వర్ణమాల నుంచే ఈ అమరిక వచ్చింది. క తర్వాత చ వర్గం ఉండాల్సిన చోట వాళ్లకు స వరుస ఉంది. త తర్వాత దాని అనునాసికం న. ప ఉండాల్సిన చోట హ, దాని వెనకే మ. ఈ హ ఒకప్పుడు ప లాగే పలికేది. హకు గుర్తు తగిలిస్తే బ, ప అవడం ఆ పాత ఉచ్చారణ మిగిల్చిన జాడే. కాబట్టి మన వర్ణమాల వచ్చినవాళ్లకు జపాను సూచిక సగం వచ్చినట్టే. హ వరుస మ కంటే ముందు ఎందుకుందో ఇంగ్లిషు అక్షరాలతో నేర్చుకునేవాళ్లకు బట్టీ పట్టాల్సిన విషయం, మనకు చూడగానే అర్థమయ్యే విషయం.

ప్రాథమిక కనా అక్షరాలు 46. అందులో సున్నా లాంటి 'న్' తో ఏ పేరూ మొదలవదని అనుకోవచ్చు. కర్మార్థక ప్రత్యయానికి వాడే 'వొ' తో మొదలయ్యేవీ ఇప్పటి రాతలో లేనట్టే. పాత వర్ణక్రమంలో దానితో మొదలయ్యే మాటలు ఇప్పుడు ఒ గుంపులో ఉంటాయి. అందుకే శీర్షికలు 44 పెట్టుకుంటే చాలు. పాత ముద్రణల్లోనూ అక్షరాల పేకముక్కల ఆటలోనూ ఇ-రొ-హ అనే వేరే వరుస కనిపిస్తుంది. అది ప్రతి కనా ఒక్కసారే వచ్చేలా కూర్చిన పాత పద్యం వరుస. పాటల జాబితాకు దాన్ని వాడొద్దు, ఇవాళ దానిలో వెతికేవాళ్లు లేరు.

ఇక గుంపులు ఎక్కడ చెడతాయో చూద్దాం.

మొదటిది గుర్తున్న అక్షరాలు. క మీద రెండు చిన్న గీతలు, అంటే 'దకుతెన్', పెడితే గ. స మీద పెడితే జ, త మీద ద, హ మీద బ. హ మీద చిన్న సున్న పెడితే ప. గోజూఓన్‌లో వీటికి సొంత గుంపుల్లేవు. గ అంటే క గుంపే, బ, ప రెండూ హ గుంపే. గుర్తును పూర్తిగా పక్కన పెట్టి వరుస కట్టాలి. రెండు పేర్లు చివరిదాకా ఒకేలా ఉంటే మాత్రమే గుర్తును చూడాలి. అప్పుడు గుర్తు లేనిది ముందు, గీతలున్నది తర్వాత, సున్న ఉన్నది ఆఖరు.

మీ సార్ట్ ఇక్కడే దెబ్బతింటోంది. యూనికోడ్‌లో క, గ, కి, గి, కు, గు అని పక్కపక్కనే వేర్వేరు సంఖ్యలున్నాయి. మామూలు సార్ట్ ఆ సంఖ్యలే చూస్తుంది కాబట్టి క తో మొదలయ్యేవన్నీ అయ్యాక గాని గ మొదలవదు. స గుంపు నుంచి నాలుగు పాటలు తీసుకుని దగ్గరగా చూడండి. సరైన వరుస ఇదీ:

సంగత్సు కొకొనొక (రెమియొరొమెన్, 2004)
జంకొకు న తెన్షి నొ తేజె (తకహషి యోకొ, 1995)
సంబ్యకు రొకుజూగొ నిచి నొ కమిహికోకి (ఏకేబీ48, 2015)
సంబ్యకు రొకుజూగొ హొ నొ మాచి (సుయిజెంజి కియొకొ, 1968)

గుర్తులు తీసేస్తే ఇవి స-న్-క, స-న్-కొ, స-న్-హి అవుతాయి. క, కొ, హి వరుసలోనే ఉన్నాయి. చివరి రెండూ 'సంబ్యకు రొకుజూగొ' దాకా ఒకటే. ఆ తర్వాత ఒకదానిలో ని, ఇంకోదానిలో హొ వస్తాయి కాబట్టి ని ముందు. మామూలు సార్ట్ అయితే జంకొకును నాలుగో స్థానానికి తోసేస్తుంది. ఆ గుంపులో యాభై పాటలుంటే అది పేజీ అవతలికి పోతుంది, వెతికేవాళ్లు ఆ పాట జాబితాలో లేదనే అనుకుంటారు.

రెండోది తెలుగులో యోమి రాసుకునేవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు: మన 'జ'. తెలుగు రాతలో ఒకే జ జపానులోని వేర్వేరు అక్షరాలకు వాడేస్తాం. జంకొకులో ఉన్నది స కు గీతలు పెట్టిన జ, అది స గుంపు. నకజిమ మియుకి 1975లో పాడిన 'జిదయి' లో ఉన్నది షి కి గీతలు పెట్టిన జి, అది షి గుంపు. 'జా', 'జూ', 'జో' అని వినిపించేవి చాలావరకు జి పక్కన చిన్న య, యు, యొ చేర్చి రాసేవి, అవీ షి గుంపే. ఇక 'జు' అయితే మరీ ఇబ్బంది. సు కి గీతలు పెట్టినా, త్సు కి గీతలు పెట్టినా, షి తో చిన్న యు చేర్చినా మన చెవికి జు అనే వినిపిస్తుంది, కానీ గుంపులు మూడు. కాబట్టి యోమి కాలమ్‌ను తెలుగులో నింపకండి. హిరగానాలోనే (జపాను మాటలకు వాడే కనా) నింపండి, పక్కన కావాలంటే తెలుగు ఉచ్చారణ ఇంకో కాలమ్‌లో పెట్టుకోండి. సార్ట్‌కు ఆ తెలుగు కాలమ్ పనికిరాదు.

మూడోది చిన్న అక్షరాలు. మనకు 'క్యా' క గుంపులో ఉంటుంది, ఎందుకంటే అది క కింద య వత్తు. జపానులో దాన్ని 'కి' రాసి పక్కన చిన్న 'య' పెడతారు. కాబట్టి అది కి గుంపు, అందులో రెండో అక్షరం య. అమురొ నమిఎ 1997 పాట 'క్యాన్ యు సెలబ్రేట్' కి గుంపులో ఉండటానికి కారణం ఇదే. షా, షూ, షో తో మొదలయ్యేవన్నీ షి గుంపు. చా, చూ, చో అన్నీ చి గుంపు. షి గుంపులో మూడు పాటలు: 'జిదయి', 'షిమ ఉత', ఇనొఉఎ యోసుయి 1990 పాట 'షోనెన్ జిదయి'. ఇవి వరుసగా షి-త, షి-మ, షి-యొ. షోనెన్ ఆఖరున రావడం మొదట్లో వింతగా ఉంటుంది, రెండో అక్షరం యొ అని గుర్తుంటే వింత పోతుంది.

విదేశీ ధ్వనుల కోసం కట్టిన జోడీలదీ ఇదే పద్ధతి, పెద్ద అక్షరమే గుంపును నిర్ణయిస్తుంది. 'ఫా' అంటే ఫు పక్కన చిన్న అ, కాబట్టి ఫు గుంపు. 'టి' ధ్వనిని తె పక్కన చిన్న ఇ తో రాస్తారు, కాబట్టి ఎక్స్ జపాన్ పాట 'టియర్స్' తె గుంపులో ఉంటుంది, చి లోనూ కాదు, త లోనూ కాదు. 'డి' కూడా తె గుంపే. 'చెరీ' చి గుంపు. 'జె' ధ్వని షి గుంపు. 'వి' ధ్వని, అంటే ఉ పక్కన చిన్న ఇ, ఉ గుంపు. ఇంగ్లిషు వి అక్షరానికి మాత్రం రెండు రాతలున్నాయి, ఉ కి గీతలు పెట్టి ఒకటి, బ తో ఒకటి. డిస్కు అట్టమీద ఎలా ఉంటే అలా రాసుకుని, రెండో చోట 'ఫలానా గుంపులో చూడండి' అని ఒక వరుస పెట్టడం మేలు.

ద్విత్వం కూడా ఇలాంటిదే. 'నిప్పొన్' లో మనకు కనిపించేది ప వత్తు. వాళ్లు ని తర్వాత చిన్న 'త్సు' రాస్తారు, ఆ తర్వాతే పొ. వరుస కట్టేటప్పుడు ఆ చిన్న త్సు ను పూర్తి త్సు గానే లెక్కపెట్టాలి: ని-త్సు-హొ-న్. దాన్ని వదిలేస్తే నిప్పొన్ తో మొదలయ్యేవన్నీ త వరుస నుంచి హ వరుసకు జారిపోతాయి.

సున్నా విషయం మన అలవాటుకు వ్యతిరేకం. తెలుగు వర్ణమాలలో అం హల్లుల కంటే ముందే వస్తుంది. జపానులో 'న్' అన్నిటికంటే ఆఖరు, వ తర్వాత. కి గుంపులో చూస్తే 'కితగుని నొ హరు', 'కిమిగయొ', 'క్యాన్ యు సెలబ్రేట్', 'గింగ తెత్సుదో' అనే వరుస వస్తుంది: త, మి, య, న్. 'గిం' తో మొదలయ్యేది కి గుంపు చివర్న ఉంటుంది. తెలుగువాళ్లు దాన్ని గుంపు మొదట్లో వెతుకుతుంటారు.

ఇక దీర్ఘాలు. ఇవి అన్నిటికంటే ఎక్కువ గోల పెట్టేవి, కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను. విదేశీ మాటలకు వాడే రెండో రకం కనా, కటకానాలో దీర్ఘానికి అడ్డగీత వాడతారు. దాన్ని ఏం చేయాలన్న దానిలో రెండు ప్రధాన పద్ధతులున్నాయి: ముందు అక్షరంలోని అచ్చుగా మార్చి లెక్కపెట్టడం, లేదా లేనట్టే వదిలేయడం. జపాను ప్రమాణం జిస్ ఎక్స్ 4061 మొదటిదాన్నే తీసుకుంది, చాలా నిఘంటువుల పద్ధతీ అదే. మీరూ దాన్నే తీసుకోండి. తేడా ఎంతో ఒ గుంపులో చూడండి. ఉతద హికరు 1998 పాట 'ఆటోమేటిక్' ను జపానులో 'ఓతొమతిక్కు' అంటారు. గీతను అచ్చుగా మారిస్తే ఒ-ఒ-తొ, కాబట్టి అది 'ఒకురు కొతొబ' కంటే ముందు. గీతను వదిలేస్తే ఒ-తొ, అప్పుడు 'ఒకురు' దాటి కిందికి వెళ్లి 'ఒబొరొజుకియొ' కి ముందు పడుతుంది. ఏ పద్ధతైనా ఫర్వాలేదు గానీ, ఒకే జాబితాలో సగం అలా సగం ఇలా ఉండకూడదు. పలుచోట్ల నుంచి యోమి కాపీ చేసుకున్నప్పుడు జరిగేది సరిగ్గా ఇదే.

హిరగానాలో, కాంజీ చదువుల్లో గీత ఉండదు, అచ్చు విడిగా రాస్తారు. మన 'ఓ' వెనక రెండు రాతలుంటాయి. తోక్యో నగరం తొ-ఉ. పిల్లల ఆటపాట 'తోర్యన్సె' తొ-ఒ. ఉ ముందు, ఒ తర్వాత కాబట్టి కసగి షిజుకొ పాడిన 1948 నాటి 'తోక్యో బుగివుగి', ఇంకా తోక్యో పేరుతో ఉన్న ఎన్నో పాటలు అయ్యాక గాని తోర్యన్సె రాదు. 'ఏ' కూడా అంతే. 'సేషున్' అని వినిపించే యౌవనం మాటను సె-ఇ-షి-యు-న్ అని రాస్తారు. సె గుంపులో 'సే యెస్' (1991), 'సేషున్ అమీగొ' (2005), 'సెకయి ని హితొత్సు దకె నొ హన' (2003), 'సెన్ నొ కజె ని నత్తె' (2006) అనేది సరైన వరుస. మొదటి రెండింటిలో రెండో అక్షరం ఇ, తర్వాత క, ఆఖరున న్.

రాత నియమాలు ఇంతే. అసలు కష్టం కాంజీ చదువుల్లో ఉంది. ఒకే కాంజీకి రెండు మూడు చదువులుంటాయి, పాట రాసినవాళ్లు ఏది కోరుకున్నారో అదే లెక్క. ఎరుపు అనే అర్థమున్న ఒక కాంజీని తీసుకోండి. ఎక్స్ బృందం 1989లో తెచ్చిన పాట పేరు ఆ ఒక్క అక్షరమే, చదువు 'కురెనయి'. లీసా 2019 పాటలో అదే కాంజీ మొదట ఉంది, చదువు 'గురెంగె'. జపాను ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కె సంవత్సరాంతపు పాటల పోటీ 'కోహకు' లో కూడా మొదటి కాంజీ అదే, కానీ అక్కడ 'కో'. మొదటి రెండూ కు గుంపులో పక్కపక్కన పడతాయి, మూడో చదువుతో మొదలయ్యేవి కొ గుంపుకు పోతాయి. కాంజీ ఒకటే కదా అని మూడింటినీ ఒకచోట పడేసిన జాబితాలు చాలా కనిపిస్తాయి.

దీనికంటే పెద్ద ఉచ్చు 1977లో యమగుచి మొమొఎ పాడిన, సద మసషి రాసి స్వరపరచిన పాట. పేరులో రెండు కాంజీలు: శరత్తు, చెర్రీపూవు. విడివిడిగా చదివితే 'అకిజకుర', అ గుంపు. పాట పేరు మాత్రం 'కొసుమొసు', అదే మనకు తెలిసిన కాస్మోస్ పూవు. కొ గుంపు. తకి రెంతారో 1901 పాట, శిథిలమైన కోటమీది చంద్రుడి పాట, మొదటి కాంజీని చూసి 'అర' అని చదివితే అ గుంపుకు పోతుంది. సరైన చదువు 'కోజో నొ త్సుకి', కొ గుంపులో కొ-ఉ, కాబట్టి కొసుమొసు కంటే ముందు. 1914 నాటి బడిపాట 'ఫురుసతొ' కు రాసే రెండు కాంజీలను మామూలు వాక్యంలో 'కొక్యో' అని కూడా చదువుతారు. పాటకు మాత్రం ఫురుసతొ ఒక్కటే.

ఊళ్ల పేర్లతో మరీ జాగ్రత్త. కుమమొతొలోని ఇత్సుకి గ్రామపు జోలపాట మొదటి కాంజీ 'ఐదు'. అంకె చదువు గొ కదా అని కొ గుంపులో పెడితే తప్పు, 'ఇత్సుకి నొ కొమొరిఉత' ఇ గుంపు. ఇషికవ సయురి పాడిన 'అమగిగొఎ' లో మొదటి కాంజీ ఆకాశం, 'తెన్' అని చదవాలనిపిస్తుంది. అది అమగి కనుమ పేరు, అ గుంపు. ఒకినవ దీవుల పాటలకు వాళ్ల మాండలికపు చదువు ఉంటుంది: కన్నీరు అనే కాంజీ మామూలుగా 'నమిద', కానీ నత్సుకవ రిమి 2001లో పాడిన పాటలో 'నద'. రెండూ న గుంపే గానీ, న-త ఎక్కడ, న-మి ఎక్కడ. 'రేపు' అనే జంట కాంజీలకు 'అషిత', 'అసు' రెండూ వాడుకలో ఉన్నాయి. సకమొతొ క్యూ 1963 పాట 'అషిత గ అరు స', ఐ విష్ బృందం పాట 'అసు ఎ నొ తొబిర'. అదృష్టవశాత్తూ షి, సు పక్కపక్కనే ఉంటాయి.

ఆ 'ఎ నొ' దగ్గర ఒక మాట. ప్రత్యయంగా వచ్చినప్పుడు 'హె' రాసి ఎ అని, 'హ' రాసి వ అని పలుకుతారు. యోమి కాలమ్‌లో పలికేది కాదు, కనా రాతనే పెట్టండి, అంటే హె, హ. ఉచ్చారణను పేర్చాలని పైన చెప్పినదానికి ఈ ఒక్కటీ మినహాయింపు. వెతికేవాళ్లు టైపు చేసేది అలాగే కాబట్టి.

అంకెలదీ ఇదే గొడవ. కవమొతొ మకొతొ 1997 పాట పేరు 1/2 అని రాసి ఉంటుంది. ఒకటితో మొదలైంది కదా అని ఇ గుంపులో వెతికితే దొరకదు. జపానులో భిన్నాన్ని కింది అంకె నుంచి చదువుతారు, 'నిబున్ నొ ఇచి', ని గుంపు. 22 ఏళ్ల వీడ్కోలు పాట 'నిజూని సయి నొ వకరె' కూడా ని గుంపే. అందులో నిజూని అంటే ని-షి, నిబున్ అంటే ని-ఫు, కాబట్టి 22 ముందు, సగం తర్వాత. గొదయిగొ బృందం 1979 పాట 'గింగ తెత్సుదో' చివర 999 ఉంటుంది, దాన్ని 'సురీ నయిన్' అని ఇంగ్లిషులో చదవాలి, క్యూహ్యకు అని జపానులో కాదు. అంకెల కోసం విడిగా ఒక గుంపు పెట్టడం తేలికైన దారే. కానీ 365 అనే అంకెతో మొదలయ్యే ఆ 'సంబ్యకు రొకుజూగొ' పాటలు రెండింటిలో ఒకటి అంకెలతోనూ ఇంకోటి కాంజీతోనూ రాసి ఉంది. అంకెల గుంపు పెడితే చదువు ఒకటే అయిన ఆ రెండూ జాబితా రెండు కొసలకు పోతాయి. నా మాట వినండి, అంకెల గుంపు పెట్టకండి.

ఇంగ్లిషు అక్షరాల పేర్లకూ అదే సలహా. వాటిని కటకానాగా చదివి గుంపుల్లో కలపండి. 'ఫస్ట్ లవ్' ఫు, 'ఎవ్రీథింగ్' ఎ, 'లెమన్' రె, 'త్సునమి' త్సు. ఎల్, ఆర్ రెండూ ర వరుసకే వస్తాయి, జపానులో ల లేదు. యొఅసొబి 2023 పాటను ఇంగ్లిషు జాబితాల్లో ఐ అక్షరం కింద చూస్తారు. జపానులో దాని పేరు కటకానాలో 'అయిదొరు', అ గుంపు. సకమొతొ క్యూ 1961 పాట 'ఉఎ ఒ ముఇతె అరుకో' అమెరికాలో 1963లో 'సుకియకి' అనే పేరుతో బిల్‌బోర్డ్ మొదటి స్థానానికి వెళ్లింది. జపాను జాబితాలో అది ఉ గుంపు. మన దగ్గర చాలామందికి సుకియకి అనే తెలుసు కాబట్టి సు గుంపులో 'ఉ లో చూడండి' అని ఒక వరుస పెట్టండి.

స్ప్రెడ్‌షీట్‌లో చేయాల్సింది ఇలా. కాలమ్‌లు ఆరు చాలు: పేరు ఉన్నదున్నట్టు, యోమి హిరగానాలో, సార్ట్ కీ, గుంపు అక్షరం, గాయకుల పేరు, గాయకుల యోమి. సార్ట్ కీ ని యోమి నుంచి తయారుచేయాలి. ముందు యూనికోడ్ రూపాలను ఎన్‌ఎఫ్‌కేసీ పద్ధతిలో ఒకటి చేయండి. దీనివల్ల సగం వెడల్పు కటకానా మామూలు కటకానా అవుతుంది. మ్యాక్ ఫైలు పేర్ల నుంచి వచ్చిన పాఠంలో క ఒక సంకేతం, గీతలు ఇంకో సంకేతంగా విడివిడిగా ఉంటాయి, అవీ కలిసిపోతాయి. ఈ మెట్టు వదిలేస్తే చూడటానికి ఒకేలా ఉన్న రెండు గ లు ఒకదానికొకటి సరిపోవు, కారణం ఎంత చూసినా కంటికి కనపడదు. తర్వాత కటకానాను హిరగానా చేయండి, రెండింటి సంకేతాల మధ్య తేడా సరిగ్గా 96. అడ్డగీతను ముందు అచ్చుగా, చిన్న అక్షరాలను పెద్దవిగా మార్చండి. గీతలూ సున్నలూ తీసేయండి. ఖాళీలు, కామాలు, ప్రశ్నార్థకాలు, అలల గీతలు తుడిచేయండి. జంకొకు పాట కీ అప్పుడు స-న్-కొ-కు-న-తె-న్-షి-నొ-తె-ఎ-సె అవుతుంది. దాని మొదటి అక్షరమే గుంపు. సార్ట్ మొదట కీ మీద, అది సమానమైతే యోమి మీద, అదీ సమానమైతే గాయకుల యోమి మీద.

ఆ మూడో మెట్టు అనవసరం అనుకోవద్దు. 'హన' అనే పేరుతోనే తకి రెంతారో 1900 పాట ఉంది, ఆరెంజ్ రేంజ్ 2004 పాట ఉంది. గాయకుల పేర్లలో ఇంటిపేరే ముందు.

ఎక్సెల్ గురించి: జపనీస్ ఎక్సెల్‌లో కీబోర్డుతో కాంజీ టైపు చేస్తే, ఆ టైపు చేసిన కనా గడిలో ఫురిగానాగా దాగి ఉంటుంది, సార్ట్ దాన్ని వాడుకుంటుంది. వెబ్ నుంచి అతికించిన పేర్లకు అది ఉండదు. అందుకే ఒకే కాలమ్‌లో టైపు చేసినవి చదువు ప్రకారం, అతికించినవి సంకేతాల ప్రకారం రెండు కుప్పలుగా పడతాయి. ఫొనెటిక్ ఫంక్షన్‌తో ఫురిగానా బయటికి తీయొచ్చు, కానీ దాన్ని గుడ్డిగా నమ్మకండి. కొసుమొసు కాంజీ తెప్పించడానికి ఎవరైనా 'అకిజకుర' అని టైపు చేసి ఉంటే గడిలో దాగి ఉన్నదీ అదే. జపాను వాక్యాలను మాటలుగా విడదీసి చదువు ఇచ్చే మెకాబ్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో యోమి తీయించినా మొదటి చిత్తుప్రతిగానే చూడండి. అది మామూలు వాక్యాల చదువు ఇస్తుంది, పాట పేరు చదువు ఇవ్వదు. అంకెలు, ఊళ్ల పేర్లు, ఒకే కాంజీ ఉన్న పేర్లు, ఒకినవ పాటలు: ఈ నాలుగు రకాలనూ విడిగా తీసి చేత్తో సరిచూడాలి. సరిచూడటానికి డిస్కు అట్ట, రికార్డు కంపెనీ పేజీ, కరావోకే కంపెనీల వెతుకుడు పేజీలు మంచివి. జపాను జాతీయ పార్లమెంటు గ్రంథాలయపు కేటలాగులో శీర్షికల యోమి కూడా ఉంటుంది.

ఖాళీ గుంపుల గురించి కంగారు వద్దు. ను గుంపులో మీకు ఒక్క పాటా రాకపోవచ్చు. ర వరుస ఐదు గుంపులూ పలచగా ఉంటాయి, ఎందుకంటే జపాను దేశి మాటలు ర తో మొదలవ్వవు. అక్కడ ఉన్నవన్నీ చైనా మాటలో, పడమటి మాటలో: మిసొర హిబరి 'రింగొ ఒఇవకె', తెరఒ అకిర 'రుబీ నొ యుబివ', ఇంగ్లిషు లవ్‌లు. వ వరుసలో ఒక్క వ తప్ప ఇంకేం మిగలదు. ఖాళీ శీర్షికను తీసేయకుండా 'లేవు' అని రాసి ఉంచండి, లేకపోతే చూసేవాళ్లు పేజీ పోయిందనుకుంటారు. కరావోకేలో పాట పేర్లతో అంత్యాక్షరి లాంటి 'షిరితొరి' ఆడేవాళ్లకు ఈ పలచని గుంపులే ఎక్కువ అవసరం పడతాయి. అవతలివాళ్లు రు తో ముగిసే పేరు చెప్పినప్పుడు వాళ్ల చూపు ముందు పడేది ఆ పేజీమీదే.

అంతా అయ్యాక హ గుంపు తీసి చూడండి. హన, హనమిజుకి, పపురిక, హమబె నొ ఉత, హరు నొ ఒగవ, హలో అగెయిన్ అనే వరుసలో రావాలి. పపురిక ఆఖరుకు పోయి ఉంటే కీ లో చిన్న సున్న తీయలేదన్నమాట. హలో అగెయిన్ గుంపులోనే లేకపోతే ఇంగ్లిషు పేర్లకు యోమి నింపలేదన్నమాట. తర్వాత ఫు గుంపు: 'ఫస్ట్ లవ్', 'ఫునఉత', 'ఫురుసతొ'. ఫస్ట్ లవ్ మొదట లేకపోతే చిన్న అ దగ్గర తప్పు జరిగింది. ఫురుసతొ అక్కడ లేకపోతే కొ గుంపులో వెతకండి, కొక్యో గా చదివి అక్కడికి పంపి ఉంటారు.